ఆరో పిల్లర్ నాది

మా ఊరి ఏటి మీదున్న బ్రిడ్జికి ఎనిమిది పిల్లర్లు. ఏడు ఒకే తీరుగా సన్నగా ఉంటాయి, ఒకటి మాత్రం లావు. హిందూపురం వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే అది ఆరోది. బ్రిడ్జి ఎక్కే ముందు రోడ్డు మలుపు తిరిగేచోట అన్నీ వరసగా కనపడతాయి. మొన్న బస్సులో నా ముందు సీట్లో కూర్చున్న ఒకాయన దాన్ని చూసి, "ఇదేందప్పా, ఇది కట్టిన దినం కాంట్రాక్టరు తాగొచ్చినాడా?" అని పక్కాయనతో నవ్వాడు. నేను ఊరుకుంటానా! "అది నాదన్నా. కొంచెం నోరు చూసుకో," అన్నాను. పాపం, పరిగి వచ్చేదాకా ఆయన మళ్లీ నోరు తెరవలేదు.

నాకు ముక్కు మీద కోపమని మా ఊళ్లో అందరికీ తెలుసు. ఆ పిల్లర్ లావు కావడానికి ఆ కోపమే కారణం. ఎట్లాగో చెప్తాను.

నా పుట్టిల్లు కనగానపల్లి దగ్గర. అక్కడ వాన పడితే వేరుశెనగ, పడకపోతే ఆకాశం వైపు చూపులు. పెళ్లయి పరిగి వైపు వచ్చాక మల్బరీ తోట, పట్టుపురుగులు నేర్చుకున్నాను. పసిబిడ్డనైనా పెంచొచ్చు గానీ పట్టుపురుగును పెంచలేం. పసిబిడ్డ మధ్యలో కాసేపైనా నిద్రపోతుంది, తల్లిని పడుకోనిస్తుంది. పురుగులకు ఆకు కోయాలి, వేయాలి, తినగా మిగిలింది ఎత్తాలి, మళ్లీ కోయాలి. ఇంత చేశాక అవి గూళ్లు కడితే, ఆ గూళ్లను నాలుగైదు రోజుల్లో హిందూపురం మార్కెట్‌కు చేర్చాలి. ఆలస్యమైతే లోపలి పురుగు చిలకై, గూటికి తూటు పొడుచుకుని బయటికి వచ్చేస్తుంది. తూటు పడిన గూడును ఎవరూ ముట్టుకోరు.

మాకూ హిందూపురానికీ మధ్య ఈ ఏరు ఉంది. ఏడాదిలో ముప్పావు వంతు అది ఉత్త ఇసుక. ట్రాక్టరు దిగి పోతుంది, మోటార్ సైకిల్ తోసుకుంటూ పోవచ్చు. ఎగువన కర్ణాటకలో గట్టిగా నాలుగు వానలు పడ్డాయంటే మాత్రం ఎర్రగా పొంగుకొస్తుంది. ఇక అంతే, అటువాళ్లు అటు, ఇటువాళ్లు ఇటు. నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు అట్లాగే ఆరు రోజులు ఏరు తగ్గలేదు. చుట్టుదారిని కూడా వంక పొంగి కోసేసింది. సంచుల్లో కట్టిపెట్టిన గూళ్లలోంచి తెల్లటి చిలకలు ఒక్కొక్కటీ బయటికొచ్చి మా ఇంటి గోడల మీద వాలుతుంటే, నేనూ మా ఆయనా చూస్తూ కూర్చున్నాం. నెల రోజుల చాకిరీ గోడల మీద రెక్కలు ఆడిస్తూ ఉంది. ఏడుపు రాలేదు నాకు. ఏటి మీద కోపం వచ్చింది.

బ్రిడ్జి వస్తుందని నేను పెళ్లికూతురుగా వచ్చినప్పటి నుంచీ వింటున్నాను. మా ఏటి గట్టున శంకుస్థాపన రాళ్లే మూడు ఉన్నాయి. నల్లరాయి మీద బంగారు రంగు అక్షరాలు, పైన దండ కట్టడానికి కొక్కెం. మొదటి రాయి మీద మా ఊరి ఆడవాళ్లు చీరలు ఆరేసేవాళ్లు. రెండోదానికి మేకలు వీపు గోక్కునేవి. మూడోది కొత్తది కాబట్టి కొన్నాళ్లు మర్యాద చేశాం. రెండో రాయి పాతిన తర్వాత మాత్రం నిజంగానే పని మొదలైంది. ఇనుప రాడ్లు దిగాయి, కాంక్రీటు కలిపే మిషన్ వచ్చింది. నా కూతురు అప్పుడు అంగన్‌వాడీకి పోతుండేది. రోజూ నా చంకనెక్కి మిషన్ చూపించమని ఒకటే గోల.

పని మొదలైన రోజే మేస్త్రీ దగ్గరికి పోయి నిలబడింది మా అత్త. ఆమె హిందూపురంలో ఇరవై ఏళ్లకు పైగా మిద్దెల పనికి పోయిన మనిషి. ఇటుకలు మోయలేదు, సిమెంటు మాలు కలపలేదు. ఆమె పని నీళ్లు పోయడం. పచ్చి కాంక్రీటు ఎండకు ఊరికే ఆరిపోతే పైన పిండి పిండిగా అయిపోతుంది, బీటలు తీస్తుంది. అది లోలోపల గట్టిపడేదాకా తడి ఆరకుండా చూడాలి. ఇంజనీర్లు దాన్ని క్యూరింగ్ అంటారు. మా అత్త తాపడం అంటుంది. "పిల్లర్‌కు నీళ్లు తాపొస్తా" అని బయలుదేరేది, దూడకు తాపడానికి పోతున్నట్టు. హిందూపురంలో ఎన్ని మిద్దెలు ఆమె నీళ్లు తాగి నిలబడ్డాయో ఆమెకే తెలియదు.

"ఏడు దినాలు పోస్తే చాల్లే," అన్నాడు మేస్త్రీ.

"ఏమప్పా, పచ్చి బాలింతను ఏడు దినాలకే పనికి తోల్తావా నువ్వు?" అంది మా అత్త. "ఇరవై ఒక్క దినం పోస్తా. ఒక్క పూట తగ్గినా అది నా పని కాదు."

మేస్త్రీ నవ్వి సరేనన్నాడు. ఏట్లో ఇసుక తోడి చెలమ తీశారు. పిల్లర్ చుట్టూ గోనెపట్టలు చుట్టి, వెదురు నిచ్చెన ఎక్కి, బిందె పైనుంచి వంచేది మా అత్త. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకేలోపు ఇంకోసారి. అరవై దగ్గర పడుతున్న మనిషి, ఏనాడూ నిచ్చెన పట్టుకోమని ఎవరినీ పిలిచింది లేదు.

ఇరవై ఒక్క రోజులు నిండిన నాడు ఆమె చేసే పని ఒకటుంది. గోనెపట్టలు విప్పేసి, పిల్లర్‌ను గోటితో గట్టిగా గీసి చూసేది. గీసి తలూపేది. అప్పుడు తన ఎత్తున పసుపు రాసి, కుంకుమ పెట్టేది. కుంకుమ వానకు పోతుందని, తుప్పు పట్టకుండా రాడ్లకు పూసే ఎర్ర రంగు డబ్బాలో వేలు ముంచి, దాని మీద గుండ్రంగా ఒక బొట్టు దిద్దేది. బిడ్డను ఇరవై ఒకటో రోజు ఉయ్యాలలో వేస్తాం కదా, అట్లా. కూలీలంతా నవ్వేవాళ్లు. "అవ్వా, పేరు కూడా పెట్టు" అని ఏడిపించేవాళ్లు. నాకు సిగ్గేసేది.

అందులో నవ్వేదేమీ లేదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మా మామ చనిపోయి అప్పటికే చాలా ఏళ్లు. భర్త లేని ఆడమనిషి చేత మా ఊళ్లో ఎవరూ బొట్టు పెట్టించుకోరు. నా కూతుర్ని ఉయ్యాలలో వేసిన రోజు పేరంటాళ్లంతా పాపకూ నాకూ బొట్లు పెట్టి పాడుతుంటే, ఆ పాపకు ఇరవై ఒక్క రోజులు తన చేతులతో నీళ్లు పోసిన మా అత్త వంటింటి గడప దగ్గర నిలబడింది. రా అత్తా అని నేను పిలవలేదు. పిలవాలని తోచనేలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మనుషులెవరూ ఆమె చేతి బొట్టు పెట్టించుకోలేదు. పిల్లర్లు వద్దనలేదు.

ఆ ఎండాకాలానికి ఐదు పిల్లర్లకు ఇరవై ఒక్క రోజులు నిండాయి. ఐదింటికీ బొట్లు పడ్డాయి. ఆరోదానికి కాంక్రీటు పోసినప్పుడు చుట్టూ కట్టిన అచ్చు రేకులు విప్పాక, రెండు రోజులు నీళ్లు తాపింది మా అత్త. మర్నాడు పొద్దున లేచి చూస్తే ఏట్లో మిషన్ లేదు, రాడ్లు లేవు, కాపలా మనిషి కూడా లేడు. బిల్లు రాలేదని కాంట్రాక్టరు సామానంతా ఎత్తించుకుని వెళ్లిపోయాడట. వెదురు నిచ్చెన, సగం ఖాళీ అయిన ఎర్ర రంగు డబ్బా మాత్రం మిగిలాయి. ఏడు, ఎనిమిది పిల్లర్లు ఇంకా గుంతల్లోనే ఉన్నాయి.

ఊరంతా గట్టు మీద చేరి తిట్లు లంకించుకుంది. మా అత్త కొంగు నడుముకు చెక్కుకుని, బిందె తీసుకుని ఏట్లోకి దిగింది.

"యాడికత్తా?" అన్నాను.

"ఆరోదానికి ఇంకా పంతొమ్మిది దినాలు ఉండాది."

"కూలి ఇచ్చేవాడే పారిపోయినాడు. ఎవరికోసం పోస్తావు?"

"వాడు పోతే పిల్లర్ కూడా పోయిందా? ఆడనే ఉండాది గదా, నోరు తెరుచుకోని."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో పురుగులు అప్పుడే నాలుగో జ్వరానికి పడుకున్నాయి. పురుగు పొర విడవడానికి మేత మాని నిద్రపోవడాన్ని మా వైపు జ్వరమంటారు. నాలుగో జ్వరం నుంచి లేచాయంటే ఇక వాటి ఆకలికి అంతుండదు. ఇంటిల్లిపాదీ ఆకు కోసినా చాలదు. అట్లాంటప్పుడు ఈమె ఊరికే గవర్నమెంటు స్తంభానికి నీళ్లు మోస్తానంటే ఏ కోడలికి కోపం రాదు? ఏట్లోకీ ఇంట్లోకీ వినపడేటట్టు అరిచాను. ఆమె వినపడనట్టే బిందె ముంచుకుంది. అదింకా మండించింది నన్ను.

రెండు రోజులు పోసింది. మూడో రోజు జ్వరమొచ్చి పడింది. మోకాళ్లు, మణికట్లు వాచి మంచం దిగలేకపోయింది. దగ్గరికి పిలిచి, "ఏమ్మే, ఒక్క పిల్లరే గదా. మూడు పూటలా నువ్వు పొయ్యి. గోనెపట్ట ఆరనియ్యొద్దు," అంది. సరేనన్నాను.

ఆ ఒక్క రోజు పోశాను. మర్నాడు పురుగులు లేచాయి. తట్టల్లో ఆకు వేస్తే, వేసిన చెయ్యి తీసేలోపు తినేస్తున్నాయి. వాన కురుస్తున్నట్టు చప్పుడు. నేనూ మా ఆయనా తోటకూ ఇంటికీ మధ్య పరుగులే పరుగులు. ఏటి వైపు చూసే తీరిక లేదు. నిజం చెప్పాలంటే, తీరిక దొరికిన పూట కూడా పోలేదు. ఎవడబ్బ సొమ్మని పోయాలి నేను అన్న మాట ఒకటి నాలో ఉండిపోయింది.

పొద్దుగూకితే మా అత్త మంచం మీంచి అడిగేది. "పోసినావామ్మే?"

"పోసినా."

"మూడు పూటలా?"

"మూడు పూటలా పోసినాలే అత్తా. ఎన్నిసార్లు అడుగుతావు!"

పైగా కసురుకునేదాన్ని! మేత అయిపోయింది, పురుగులను గూళ్లు కట్టడానికి చంద్రికల మీదికి ఎక్కించాం, గూళ్లు విడదీశాం, ఆ ఎండాకాలం ఇసుకలో ట్రాక్టరు దింపి మార్కెట్‌కు చేర్చాం. మంచి ధర పలికింది. అప్పటికి ఇరవై ఒక్క రోజులు దాటనే దాటాయి. మా అత్త కర్ర పట్టుకుని, కుంకుమ పొట్లం కొంగున కట్టుకుని, ఒంటరిగా ఏట్లోకి పోయింది. నేను వెంట పోలేదు. తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, అన్నం పెట్టమంది. గండం గడిచిందనుకున్నాను.

కొన్నాళ్లకు అటు పోతూ చూస్తే ఐదు పిల్లర్ల మీద ఎర్ర బొట్లు ఉన్నాయి, ఆరోదాని మీద లేదు. డబ్బాలో రంగు ఎండిపోయి ఉంటుందిలే అనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

తర్వాత ఏళ్లు గడిచాయి. పైన పొడుచుకొచ్చిన రాడ్లు తుప్పు పట్టాయి. పిల్లర్ల మీద సినిమా పోస్టర్లు, ఎలక్షన్ పోస్టర్లు, బోరు బండి ఫోన్ నంబర్లు. వానాకాలం వస్తే పిల్లర్ల మధ్య నుంచే ఏరు పోయేది, మేం గట్టున నిలబడి ఆ పిల్లర్లను చూసేవాళ్లం. మా ఊరివాళ్లం పెనుకొండ ఆఫీసుకు పోయి ఎన్ని అర్జీలు ఇచ్చామో! అక్కడివాళ్లూ చెప్పిన మాటే చెప్పేవాళ్లు. ఎస్టిమేటు పాతదైపోయింది, ఇప్పుడు సిమెంటు ధర పెరిగింది, కొత్త ఎస్టిమేటు పంపించాం. అది పాసయ్యేలోపు ఇనుము ధర పెరిగేది. ఇంకో ఎస్టిమేటు. ఒకసారి నాకు తిక్క రేగి, "సార్, బ్రిడ్జి ఖర్చు మాత్రం ఏటేటా పెరుగుతాండాది, బ్రిడ్జి ఒక్క జానెడు కూడా పెరగలే," అన్నాను. ఆ ఆఫీసరు పాపం నవ్వాడు. ఆయన చేతిలో మాత్రం ఏముంది?

ఎక్కడికి పోయినా మా అత్త మాట ఒకటే. "పిల్లర్లు దిట్టంగా ఉండాయప్పా. నేనే నీళ్లు తాపినా." ఆమె ఆ మాట అన్నప్పుడల్లా నేను గోడ మీది క్యాలెండర్ చూసేదాన్ని.

నా కూతురు ఏడో తరగతికి వచ్చాక మూడో రాయి పాతారు. ఈసారి పని మొదలవుతుందని ధర్మవరం నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. చిన్న వయసు, చెప్పులు చేత పట్టుకుని ఇసుకలో నడిచే మనిషి. ఊరివాళ్లందరినీ గట్టు మీద కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"ఇన్నేళ్లు వదిలేసిన పిల్లర్లు ఇవి. వీటి మీద బరువు పెట్టే ముందు పరీక్ష చేయాల. బాగుంటే ఈ ఎండాకాలమే మిగిలిన రెండూ లేపి పైన స్లాబ్ వేస్తాం. బాగలేకపోతే అన్నీ పగలగొట్టాల. అప్పుడు ఎస్టిమేటు మళ్లీ మొదటి నుంచి పోతాది. ఎన్నేళ్లు పడతాదో నేను చెప్పలేను."

పరీక్ష రోజు పొద్దున్నే ఊరంతా ఏట్లో ఉంది. మా అత్తకు మోకాళ్లు అప్పటికే పోయాయి. మా ఆయన కుర్చీ తెచ్చి ఇసుకలో వేస్తే, పెళ్లిపెద్దలాగా కూర్చుంది. ఇంజనీరమ్మ దగ్గర లావుపాటి పెన్నులాంటి మిషన్ ఉంది. దాన్ని పిల్లర్‌కు ఆనించి నొక్కితే లోపలి స్ప్రింగు టక్కుమని కొట్టి, ఎంత గట్టిగా ఉందో నంబరు చూపిస్తుంది. ఒక్కో పిల్లర్‌కు పది పదిహేను చోట్ల కొట్టి చూసింది. ఒకటి బాగుంది. రెండు బాగుంది. మూడు, నాలుగు బాగున్నాయి. ఐదోదాని దగ్గర ఆమె తనలో తానే నవ్వుకుంది.

"ఎవరు క్యూరింగ్ చేసినారు వీటికి?" అంది. "పోయినేడు కట్టినవాటిలో కూడా నేను ఇంత మంచి నంబర్లు చూడలేదు."

ఊరివాళ్లంతా ఒక్కసారిగా మా అత్త కుర్చీ వైపు చెయ్యి చూపించారు. మా అత్త ముఖం చూడాలి అప్పుడు! నా జన్మలో ఆమె అంత వెడల్పుగా నవ్వడం నేను చూడలేదు. మిగిలింది ఆరోది.

టక్. ఇంజనీరమ్మ నంబరు చూసి, ఇంకోచోట కొట్టింది. ఇంకోచోట. అటు తిరిగి, ఇటు తిరిగి కొట్టింది. తడిచేత్తో తుడిచి, వేలితో రుద్దింది. ముఖంలో నవ్వు పోయింది.

"ఇది బాగలేదు," అంది. "అన్నీ ఒకటే కాంట్రాక్టరు, ఒకటే ఎండాకాలం. ఒక్కటి ఇట్లా వచ్చిందంటే సిమెంటు తక్కువ కలిపి ఉండొచ్చు. అదే అయితే తక్కిన ఐదూ నమ్మడానికి లేదు. దీనికి కారణం తెలియకుండా నేను సంతకం పెట్టలేను. ఆరూ పగలగొట్టాలనే రాయాల్సొస్తాది."

మా అత్త వైపు చూశాను. ఆమె నా వైపు చూడటం లేదు, తన కాళ్ల దగ్గర ఇసుక చూసుకుంటూ ఉంది. అరవై ఏళ్ల వయసులో నిచ్చెనెక్కి నీళ్లు పోసిన ఐదు పిల్లర్లు. ఇన్నేళ్లు ఆఫీసు ఆఫీసుకూ మోసిన ఆమె మాట. అదంతా కూలగొట్టబోతున్నారు, నేను నోరు మూసుకుంటే.

"మేడం, సిమెంటు తప్పు కాదు," అన్నాను. "దీనికి నీళ్లు పోయలేదు. మా అత్తకు జ్వరమొస్తే నాకు చెప్పింది. నేను ఒక్క దినం పోసి మానేసినా. పోసినానని ఆమెకు అబద్ధం చెప్పినా."

గట్టు మీద నుంచి ఎవరో "థూ" అన్నారు. "ఇంటర్ చదివిన కోడలు చూడండ్రా!" అన్నారింకొకరు. మా ఆయన తల దించుకున్నాడు. ఇంజనీరమ్మ నన్నే చూస్తోంది. నేను నిజం చెప్తున్నానో, పిల్లర్లను కాపాడటానికి కట్టుకథ చెప్తున్నానో ఆమెకు తెలియడం లేదు. ఎట్లా నమ్ముతుంది? సాక్ష్యం ఏముంది?

మా అత్త కుర్చీలోంచి లేచింది.

"అరవగాకండి," అంది ఊరివాళ్లతో. కర్ర ఊతంతో ఐదో పిల్లర్ దగ్గరికి నడిచి, పాత సినిమా పోస్టరు అంచు పట్టుకుని చింపింది. లోపల ఎర్ర బొట్టు, వెలిసిపోయి, అయినా గుండ్రంగా ఉంది. "ఇరవై ఒక్క దినం నిండినదానికి బొట్టు పెట్టేది నా లెక్క మేడం. ఐదింటికీ ఉండాది, చూసుకో. ఆరోదానికి లేదు. జ్వరం నుంచి లేచి వచ్చి గోటితో గీసినా. పిండి రాలింది. నీళ్లు తాగిన కాంక్రీటు గోరునే అరగదీస్తాది గానీ పిండి రాల్చదు. అందుకే పెట్టలే."

అప్పుడు అర్థమైంది నాకు. డబ్బాలో రంగు ఎండిపోలేదు. ఇన్నేళ్లూ ఆమెకు తెలుసు. నా చేతి అన్నం తింటూ, నా కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకుంటూ, ఆఫీసుల్లో నా పక్కనే నిలబడి "నేనే తాపినా" అంటూ, ఒక్కనాడు కూడా నన్ను అడగలేదు.

ఇంజనీరమ్మ ఒక్కో పిల్లర్ దగ్గరికీ పోయి పోస్టర్లు చింపి చూసింది. ఐదు బొట్లు. ఆరోదాని మీద ఏమీ లేదు. మిషన్‌తో ఐదో పిల్లర్‌లోంచీ ఆరోదాంట్లోంచీ గుండ్రంగా ముక్కలు కోయించి, పరీక్షకు తీసుకుపోయింది. లోపలి కాంక్రీటు రెండింట్లో ఒకటే అయితే మాట నమ్ముతానంది.

ఫలితం కోసం చూస్తూ రెండు రోజులు ఇంట్లో నేను గిన్నెలతో కూడా మాట్లాడలేదు. మూడో రోజు తట్టుకోలేక అడిగేశాను.

"అప్పుడే ఏంటికి చెప్పలేదత్తా? తిట్టాల్సింది గదా నన్ను."

"తిడితే?" అంది, చాటలో బియ్యం ఏరుకుంటూ. "ఎండిపోయినది మళ్లీ తాగదు. నిన్ను తిట్టి నేనేం బాగుపడేది? పురుగులకాడ నువ్వు నిద్ర లేక ఎట్లుండావో నాకు కనపళ్లేదనుకున్నావా?" ఇంకాసేపు ఏరి, "అబద్ధం చెప్పకపోయింటే బాగుండు. లేవలేకపోయినా పాక్కుంటా పోయి పోసింటా," అంది.

అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

వారం తర్వాత కబురొచ్చింది. లోపలి కాంక్రీటు రెండింట్లో ఒకటే. పైపొర మాత్రమే ఆరోది బలహీనం. ఐదు పిల్లర్లూ ఉంటాయి. ఆరోదానికి పైపొర చెక్కేసి, చుట్టూ రాడ్లు కట్టి, కొత్త కాంక్రీటు తొడుగు వేస్తారు. కొత్త ఎస్టిమేటు అక్కర్లేదు. ఊళ్లో టపాకాయలు పేల్చారు. నన్ను థూ అన్నవాళ్లే మా ఇంటికొచ్చి టీ తాగారు.

తొడుగు వేసి రేకులు విప్పిన రోజు, కొత్త మేస్త్రీ నీళ్లు పోయడానికి మనిషిని పెడతానన్నాడు. నేను బిందె తీసుకుని నిచ్చెన దగ్గర నిలబడ్డాను. "ఈ పిల్లర్ జోలికి ఎవరూ రావద్దు," అన్నాను. నా సంగతి అప్పటికే విని ఉన్నాడు కాబోలు, తప్పుకున్నాడు.

చూడండి విచిత్రం, అప్పుడు కూడా ఇంట్లో పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. ఆకు పని అంతా మా ఆయన నెత్తిన పడింది. నా కూతురు బడి నుంచి వచ్చి సాయం చేసేది. నేను మూడు పూటలా పోశాను. వడగాలి కొట్టిన రోజుల్లో నాలుగో పూట కూడా. "ఏమ్మా, అత్త ఉద్యోగం నీకొచ్చిందే!" అని గట్టు మీద నుంచి ఏడిపించేవాళ్లు. "ఔను, పర్మనెంటు," అనేదాన్ని. మోకాళ్లు నొప్పి చేశాయి, అరచేతులు పొరలు లేచాయి. సగం ఎక్కాక నిచ్చెన ఊగుతుంటే, ఇట్లాంటి నిచ్చెన మీద ఇన్ని వందలసార్లు ఎక్కి దిగిన మనిషి గుర్తొచ్చేది.

ఆ బ్రిడ్జి మీద బస్సు పోవడానికి ఆ తర్వాత కూడా ఇంకో రెండు వానాకాలాలు పట్టాయి. పెద్దవాళ్లు వచ్చి రిబ్బన్ కత్తిరించారు, ఎందుకంత ఆలస్యమైందో తప్ప అన్నీ మాట్లాడారు. నా వరకు బ్రిడ్జి అయిపోయింది మాత్రం ఆ ఇరవై ఒకటో రోజునే.

ఆ పొద్దున మా ఆయన అత్తను మోటార్ సైకిల్ మీద ఏటి దాకా తెచ్చాడు. నేను గోనెపట్టలు విప్పాను. మా అత్త పిల్లర్‌కు దగ్గరగా పోయి బొటనవేలి గోటితో పైనుంచి కిందికి గీసింది. ఇంకోచోట గీసింది. ఇంకోచోట. చెయ్యి ఎత్తి నాకు చూపించింది. గోరు అంచు అరిగి తెల్లబడి ఉంది.

"తాగింది," అంది.

పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. కొత్త మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చిన ఎర్ర రంగు డబ్బాలో వేలు ముంచి, నిదానంగా బొట్టు దిద్దింది. ఇన్నేళ్ల తర్వాత ఆరో బొట్టు.

నేను ఆమె ముందుకు పోయి తల వంచాను. "నాకూ పెట్టత్తా."

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఏమ్మే, తిక్కా నీకు? నేను పెట్టగూడదు."

"పిల్లర్‌కు పెట్టినావు గదా. దానికంటే నేను తక్కువా?"

ఒకసారి గట్టు వైపు చూసింది. అక్కడ మా ఊరివాళ్లు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. మళ్లీ నా వైపు చూసింది. నేను వంచిన తల ఎత్తలేదు. ఆమె వేలు డబ్బాలో మునిగి వచ్చి నా నుదుటి మీద ఆనింది, గట్టిగా, గుండ్రంగా తిరిగింది. ఆమె ముక్కు ఎగపీల్చడం వినపడింది.

అది ఇనుముకు పూసే రంగు. నాలుగు రోజులు పోలేదు, నేనూ రుద్దలేదు. ఆ బొట్టుతోనే గూళ్ల సంచులు వేసుకుని హిందూపురం మార్కెట్‌కు పోయాను. తూకం దగ్గరాయన నా ముఖం చూసి, "ఏంటమ్మా ఆ బొట్టు, ఎవరు పెట్టినారు అంత లావుగా?" అని నవ్వాడు.

"మా అత్త," అన్నాను, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేటట్టు.